లోపల వదిలిన గుడ్డ

బ్లేడు కొనతో మాస్టారు ప్యాంటు ఎడమ కాలి లోపలి కుట్టు విప్పుతున్నాడు. నాలుగు కుట్లకొకసారి దారం తెంచడం, రెండు చేతులతో గుడ్డను మెల్లగా విడదీయడం, నోటితో ఊదడం. తెగిన దారం ముక్కలు ఒళ్ళో రాలుతున్నాయి. ముదురు నీలం యూనిఫారం గుడ్డ. దాని మీద పాత సూది రంధ్రాలు రెండు వరసలు, చీమల బారుల్లా ఇంకా కనబడుతూనే ఉన్నాయి. అదే కాలు, అదే కుట్టు. ఇది మూడోసారి.

"అయిందా మామయ్యా? ఎనిమిదింపావు అయింది," అంది మేనకోడలు. అత్తయ్య నైటీ తొడుక్కుని, తెర పక్కన ఎత్తు స్టూలు మీద కూర్చుని ఉంది. కుడి కాలు వేలాడేసి, ఎడమ కాలు పక్కనున్న పెట్టె మీదికి చాపింది.

"కుట్టడం కంటే విప్పడం కష్టం. తొందరపడితే గుడ్డ చిరుగుతుంది."

"నిన్న పొద్దున్నే ఇచ్చాను కదా."

"నిన్న బడి పిల్లల నిక్కర్లు ముప్పై ఉన్నాయి. నువ్వు ఇంట్లో మనిషివి. ఇంట్లో వాళ్ళ పని ఎప్పుడూ ఆఖరే."

ఆ అమ్మాయి మాస్టారి అక్క కూతురు. బస్‌స్టేషన్‌లో టిక్కెట్ల కౌంటర్లో ఉద్యోగం. రెండేళ్ళ కిందట ఆ ఉద్యోగం వచ్చినప్పుడు, నడిచి వెళ్ళేంత దూరమని మామయ్య ఇంట్లో దిగింది. ముందు గది దుకాణం, వెనక రెండు గదులు ఇల్లు. వారానికి ఆరు రోజులు, రోజుకి ఎనిమిది గంటలు అద్దం వెనక కుర్చీలో కూర్చుని, చిన్న కన్నంలోంచి చేతులు చూసి టిక్కెట్లు ఇస్తుంది. "మొహాలు కనబడవు మామయ్యా, వేళ్ళే కనబడతాయి," అంటుంది. మాస్టారు ఆమెను టిక్కెట్టమ్మా అని పిలుస్తాడు. మామూలుగా అయితే ఆ పిలుపుకి ఏదో ఒక జవాబు తగిలించేది. ఈ మధ్య తగిలించడం లేదు.

మాస్టారు కత్తెర పట్టి నలభై ఏళ్ళయింది. ఆయనకు ఎవరూ కూర్చోబెట్టి నేర్పలేదు. పాత కోట్లు కొనుక్కొచ్చి, కుట్లు విప్పి, ముక్కలు నేల మీద పరిచి, మళ్ళీ కుట్టి నేర్చుకున్నాడు. అందుకే కుట్టడం ఎంత వచ్చో విప్పడమూ అంతే వచ్చు. పని గురించి మాట్లాడేవాళ్ళంటే ఆయనకు చిరాకు. పని చెయ్యి, చూపించు, అంతే.

ఆయన పద్ధతి ఆ వృత్తిలో ఉన్నవాళ్ళు చాలామంది పాటించేదే. ప్యాంటుకి ఒక్క కాలే కొలుస్తాడు, కుడి కాలు. గుడ్డను రెండు పొరలుగా మడిచి, ఒకే గీత మీద కత్తెర నడుపుతాడు. రెండు కాళ్ళూ ఒకేసారి తెగుతాయి. మనిషికి రెండు కాళ్ళూ ఒకటేనన్న నమ్మకం మీద ఆ దుకాణం నడుస్తోంది. తేడా ఉంటే తొడిగి చూసినప్పుడు తెలుస్తుంది. తెలిసినా మాస్టారు నోరెత్తడు, కుట్టులో సర్దేస్తాడు. బ్యాంకు మేనేజరుకి ఎడమ భుజం కిందికి జారి ఉంటుంది. లోపల పలుచగా దూది పొర వేసి పదిహేనేళ్ళుగా కోట్లు కుడుతున్నాడు. ఆ సంగతి మేనేజరుకి ఈనాటికీ తెలియదు. ఫైర్ స్టేషన్ డ్రైవరుకి ఒక కాలు అర అంగుళం పొట్టి. అతని ప్యాంటు అంచులు మాత్రం రెండూ బూట్ల మీద ఒకేలా వాలతాయి. ఒంట్లో ఉన్న వంకర మనిషికి చెప్పి బాధపెట్టడమెందుకు, గుడ్డకి చెబితే చాలదా అంటాడు మాస్టారు. అలా గుట్టుగా సర్దడం కోసమే ప్రతి కుట్టు లోపలా ముప్పావు అంగుళం గుడ్డ ఎక్కువ వదులుతాడు. రెడీమేడ్ ప్యాంటుకీ తన ప్యాంటుకీ తేడా ఆ ముప్పావు అంగుళమేనని ఆయన గర్వం.

కుట్టు మొత్తం విప్పాక గుడ్డ అంచును వేలితో తడిమి చూశాడు. ఇక ఉన్నదంతా ఇదే. అంచుకి అంచు కలిపి, దారం జారిపోకుండా ఉండడానికి ఎంత కావాలో అంతే వదిలి, మెషీను మీద కొత్త కుట్టు వేశాడు. దారం కొరికి, ప్యాంటు విదిలించి తెర మీద పడేశాడు.

ఆ అమ్మాయి తెర వెనక్కి వెళ్ళింది.

"మామయ్యా, ఎక్కట్లేదు."

"ఎక్కకపోవడమేంటి?"

"పిక్క దాటింది. తొడ దగ్గర ఆగిపోయింది. మొన్నటికంటే బిగుతుగా ఉంది."

మాస్టారికి మండిపోయింది. మూడుసార్లు విప్పిన కుట్టు. నలభై ఏళ్ళలో ఒకే ప్యాంటు మూడుసార్లు తిరిగొచ్చింది లేదు. "నీకు ఒళ్ళొచ్చింది. ఆ కుర్చీలో కూర్చుని బిస్కట్లు నములుతుంటే రాక ఏమవుతుంది?"

"ఒళ్ళొస్తే ఒక్క కాలికే వస్తుందా మామయ్యా?"

కోపంగా అనలేదు. అలిసిపోయిన గొంతుతో, నిజంగానే అడిగినట్టు అడిగింది.

దుకాణం ముందు అరుగు మీద ఇస్త్రీ పెట్టె ఆనించి వింటున్న ఇస్త్రీ ఆయన తల లోపలికి పెట్టాడు. "మాస్టారూ, గుడ్డ ముడుచుకుందేమో చూడండి. నన్ను మాత్రం అనకండి, దాని మీద నేను చుక్క నీళ్ళు కూడా చల్లలేదు."

"నిన్ను ఎవరన్నారు? నీ పని నువ్వు చూసుకో."

ప్యాంటు బల్ల మీద పరిచి, కాలి మీద కాలు మడిచాడు. గుడ్డ ముడుచుకోలేదు. ఎడమ కాలు కుడి కాలి కంటే వెడల్పుగా, పక్కకు తొంగిచూస్తూ ఉంది. ఉండాల్సిందే మరి, తనే మూడుసార్లు వదులు చేశాడు. అంత వెడల్పు చేసినా ఆ కాలు దాంట్లో పట్టడం లేదు.

మాస్టారు సొరుగు లాగాడు. మెడలో ఉన్న టేపు పాతది. గుడ్డ టేపు వాడగా వాడగా సాగుతుంది, అది అబద్ధాలు చెబుతుంది. కొత్త టేపు తీసి, చుట్ట విప్పి, బయటికొచ్చిన మేనకోడలి ముందు మోకాళ్ళ మీద కూర్చున్నాడు. ఆయన మోకాళ్ళు రెండూ టకటకమన్నాయి.

"నిటారుగా నిలబడు. రెండు కాళ్ళ మీదా బరువు సమానంగా వెయ్యి."

"ఎడమ దాని మీద వెయ్యలేను."

"వేసినంత వెయ్యి."

మోకాలి చిప్ప కింద నాలుగు వేళ్ళు పెట్టి, అక్కడ టేపు చుట్టాడు. కుడి పిక్క పదమూడున్నర. ఎడమ పిక్క పదిహేను. మళ్ళీ కొలిచాడు. అదే పదిహేను. నైటీ మీంచే తొడ కొలిచాడు. కుడి ఇరవైన్నర, ఎడమ ఇరవై రెండు ముప్పావు. టేపు తీశాక చూస్తే, అది చుట్టిన చోట పిక్క మీద సన్నటి గాడి పడి ఉంది. పిండిలో వేలు పెడితే పడినట్టు. అది తొందరగా పూడలేదు. చర్మం నిగనిగలాడుతోంది. రంగు కుడి కాలి రంగు కాదు, కాస్త నీలం తిరిగిన ఎరుపు. వెనక చెయ్యి ఆనిస్తే వేడిగా తగిలింది.

కొలతల పుస్తకంలో ఆమె పేజీ తీసి, నాలుగు అంకెలూ వేశాడు.

"ఎప్పట్నుంచి ఇలా ఉంది?"

"వాపా? సాయంత్రాలు ఎప్పుడూ ఉండేదే. పడుకుంటే పొద్దున్నకి తగ్గేది. మూడు రోజుల్నుంచి తగ్గట్లేదు. గజ్జ దగ్గర ఏదో పట్టేసినట్టు బరువు. నిన్న కౌంటరు నుంచి ఇంటికి వచ్చేసరికి రెండుసార్లు ఆగాను."

మాస్టారి భార్య వెనక గదిలోంచి చిన్న గిన్నెలో వేడిచేసిన నూనె తీసుకొచ్చింది. "కూర్చుని కూర్చుని నీరు దిగింది, అంతే. రోజూ రాత్రి నేను కాస్త రుద్దితే హాయిగా ఉందంటుంది. ఇటు చాపు తల్లీ, వెళ్ళేలోపు ఒకసారి రుద్దేస్తాను."

"రుద్దకు," అన్నాడు మాస్టారు.

"ఏం?"

"ఏంటో తెలీని దాన్ని లాగి సాగదియ్యకూడదు. గుడ్డయినా అంతే."

"కాలు గుడ్డా ఏంటండీ?"

మాస్టారు లేచి నిలబడ్డాడు. టేపు చుట్ట చుట్టి జేబులో వేసుకున్నాడు. "డాక్టరు దగ్గరికి వెళ్దాం పద."

"ఇవాళా? ఆరుగురం ఉండాల్సిన చోట నలుగురమే ఉన్నాం. సూపర్‌వైజరు సెలవు ఇవ్వడు. ఆదివారం చూపించుకుంటాను. ఇవాళ్టికి పాత స్కర్టు ఏదో వేసుకుని..."

"గుడ్డలో తప్పు లేదు. చూశాను. టేపులో తప్పు లేదు, కొత్తది. ఇంకేం మిగిలింది?"

ఆ అమ్మాయి తన కాలి వైపు చూసుకుంది. వాదించే ఓపిక ఆమెకు లేదు. గోడ పట్టుకుని మెల్లగా చెప్పులు వేసుకుంది.

మాస్టారు షట్టరు దించుతుంటే ఇస్త్రీ ఆయన నోరు తెరిచాడు. "ఏంటి మాస్టారూ, ఒక్క ప్యాంటు పట్టలేదని కొట్టే మూసేస్తారా? జ్వరం వచ్చినప్పుడు కూడా మూయలేదు మీరు."

"నిక్కర్ల కోసం బడి వాళ్ళొస్తే సాయంత్రం రమ్మను," అన్నాడు మాస్టారు. బాడుగ బండి కోసం చెయ్యి ఊపుతూనే, రెండో చంకలో కొలతల పుస్తకం ఇరికించుకున్నాడు. అంకెలు చీటీ మీద రాస్తే పోతాయని ఆయన భయం.

ఆసుపత్రిలో రెండు గంటలు ముగ్గురూ బల్ల మీద కూర్చున్నారు. ముందు ఒక కుర్ర డాక్టరు చూసి, కండరం పట్టేసి ఉంటుందన్నాడు. మాస్టారు పుస్తకం తెరిచి, రెండు పిక్కల అంకెల కింద గోరు పెట్టి చూపించాడు. కుర్ర డాక్టరు తన టేపు తెచ్చి తనూ కొలిచాడు. వెంటనే చక్రాల కుర్చీ తెప్పించాడు. చల్లటి జిగురు పూసి కాలి మీద స్కానింగు యంత్రం నడిపారు. తొడ లోపల, గజ్జ దాకా, సిరలో రక్తం గడ్డకట్టి ఉందన్నారు.

రక్తనాళాల డాక్టరమ్మ అప్పుడు వచ్చింది. యాభైకి దగ్గర్లో ఉంటుంది. ఆమె కళ్ళ కింద మాస్టారి కళ్ళ కింద ఉన్నంత నలుపు ఉంది. ఊపిరి ఆడుతోందా, ఛాతీలో నొప్పి ఉందా, దగ్గు వస్తోందా, ఏమైనా మాత్రలు వాడుతోందా, ఇంట్లో ఇంకెవరికైనా ఇలా వచ్చిందా అని వరసగా అడిగింది. పొట్ట మీద ఒక ఇంజెక్షను ఇప్పించింది.

"ఇది కాలిలోనే ఉంటే కాలి బాధ," అంది మాస్టారి భార్య వైపు తిరిగి. "ఒక ముక్క తెగి పైకి వెళ్ళి ఊపిరితిత్తుల్లో పడితే ప్రాణాల మీదికి వస్తుంది. అందుకే ఇప్పటి నుంచి కదిలించొద్దు, రుద్దొద్దు. రుద్దలేదు కదా?"

మాస్టారి భార్య తన అరచేతులు చూసుకుంది. "రోజూ రుద్దాను డాక్టరుగారూ."

"ఇక రుద్దకండి," అని మాత్రం అని, డాక్టరమ్మ మంచం మీది అమ్మాయి వైపు తిరిగింది. "వాపు ఎప్పుడు మొదలైంది?"

"పది పదిహేను రోజులేమోనండి. సాయంత్రాల్లో కొంచెం అంతకుముందు కూడా... సరిగ్గా చెప్పలేను."

మాస్టారు గొంతు సవరించుకున్నాడు. చెప్పకపోతే ఎవరికీ తెలియదు. పుస్తకం మూసే ఉంది, చంకలోనే ఉంది. అసలు ఆ రాతలు ఇంకెవరికీ అర్థం కావు. నలభై ఏళ్ళుగా ఆ పుస్తకాల్లో రాసుకున్నవి ఆయన ఎవరికీ చెప్పలేదు. ఎవరి భుజం ఎంత జారిందో, ఎవరి వీపు ఎంత వంగిందో అన్నీ అందులోనే ఉన్నాయి. మంచం మీద కాలు ఎత్తుగా దిండ్ల మీద పెట్టి ఉంది. దాన్ని చూసి పుస్తకం తెరిచాడు.

"ఇది చూడండమ్మా."

డాక్టరమ్మ కళ్ళజోడు పెట్టుకుంది. "ఎ పావు అంటే?"

"ఎడమ కాలు పావు అంగుళం వదులు చేశాను."

"ఎందుకు?"

"అంచు చిరిగిందని బాగుచెయ్యడానికి ఇచ్చింది. తొడిగి చూపించినప్పుడు, కూర్చుంటే ఎడమ తొడ మీద గుడ్డ లాగుతోంది. కుడి పక్క లాగట్లేదు."

"ఈ అమ్మాయి వదులు చెయ్యమని అడిగిందా?"

"లేదు."

"మీరు చెప్పారా?"

"లేదు. చేసేశాను."

ఆమె తేదీ మీద వేలు పెట్టింది. "ఇది పధ్నాలుగు నెలల కిందటిది. ఆరు నెలల కింద మళ్ళీ, ఎ అర. ఇవాళ్టిది ఇదిగో. ఇంత స్పష్టంగా రాసుకుని, ఇన్నాళ్ళూ ఏం చేస్తున్నారండీ?"

"కుట్టు విప్పుతున్నాను," అన్నాడు మాస్టారు.

ఆమె తిట్టలేదు. కళ్ళజోడు తీసి, ముక్కు మీద పడిన నొక్కుల్ని వేళ్ళతో రుద్దుకుంది. ఒక కాగితం వెనక రెండు గీతలు గీసింది. ఎడమ కాలి నుంచి రక్తాన్ని గుండెకు తీసుకెళ్ళే సిర, పొత్తికడుపులో వెన్నెముకను ఆనుకుని పైకి పోతుంది. దాని మీదుగా కుడి కాలికి వెళ్ళే ధమని అడ్డంగా దాటుతుంది. ధమని గట్టిది, కొట్టుకుంటూ ఉంటుంది. సిర మెత్తనిది. పైన ధమని, కింద ఎముక, మధ్యలో సిర నలుగుతుంది.

"కొంచెం నొక్కుడు చాలామందికి ఉంటుంది, వాళ్ళకేమీ కాదు. కొందరికి మాత్రం ఏళ్ళ తరబడి నలిగి, లోపల పొరలు కట్టి, దారి ఇరుకైపోతుంది. రక్తం నెమ్మదిస్తుంది. పైగా గంటల తరబడి కదలకుండా కూర్చుంటే గడ్డకడుతుంది. ఈమెకు అదేనని నా అనుమానం. పైన స్కానింగు చేసి చూడాలి."

మాస్టారు ఆ గీతల్నే చూస్తున్నాడు. లంగాకి బొందు దూరే గొట్టం లాంటిది. దాని మీదుగా ఎవరో తెలియక ఇంకో కుట్టు అడ్డంగా వేశారు. బొందు లాగితే అక్కడే ఆగుతుంది. బయట ఎంత వదులు చేసినా బొందు కదలదు, తప్పు ఉన్నది పైన. ఇది ఆయనకు బాగానే అర్థమైంది. డెబ్బై రూపాల్లో చూసిన తప్పే.

"ఈ పుస్తకం పనికొచ్చిందా అమ్మా?" అంది మాస్టారి భార్య, భర్తకు ఏదైనా ఒక మంచి మాట దొరుకుతుందేమోనని.

"ఈ వయసులో ఎడమ కాలు వాచిందంటే పైన ఎలాగూ చూసేదాన్నే," అంది డాక్టరమ్మ. "కానీ ఇది ఇవాళ మొదలైంది కాదని తేలింది. అది మంచిదే." మాస్టారిని నిరాశపెట్టకూడదనీ, అబద్ధం చెప్పకూడదనీ రెండూ అనుకున్నట్టు చెప్పి, అవతలి మంచం దగ్గరికి వెళ్ళిపోయింది.

మేనకోడలు దిండు మీద తల తిప్పింది. "అంటే నీకు ఏడాది ముందే తెలుసా మామయ్యా?"

"తేడా ఉందని తెలుసు. ఎందుకో తెలీదు."

"ఒక్క మాట అనుంటే సరిపోయేది."

మాస్టారు పుస్తకం మూశాడు. ఆమె ఇంకేమీ అడగలేదు. ఇంజెక్షను ఇచ్చిన చోట దూది ముక్క పట్టుకుని కళ్ళు మూసుకుంది.

పొత్తికడుపు స్కానింగులో డాక్టరమ్మ చెప్పినట్టే ఉంది. మర్నాడు మోకాలి వెనక నుంచి సన్నటి గొట్టం పంపి గడ్డను తీస్తారనీ, ఇరుకైన చోట తీగల అల్లికతో చేసిన చిన్న గొట్టం నిలబెడతారనీ చెప్పారు. ఆలోగా గడ్డలోంచి ముక్క తెగకుండా ఉండాలి. ఆ ఒక్క రోజూ మాస్టారు ఆమె ఊపిరినే లెక్కపెడుతూ కూర్చున్నాడు. కాస్త దగ్గితే లేచి నిలబడేవాడు.

"కూర్చో మామయ్యా. గొంతులో నీళ్ళు అడ్డం పడ్డాయి, అంతే."

"సరే."

"నువ్వు అలా చూస్తుంటే నాకు దగ్గడానికి కూడా భయంగా ఉంది."

మర్నాడు అమ్మాయిని లోపలికి తీసుకెళ్ళాక భార్యాభర్తలిద్దరూ నడవాలోకి వచ్చారు. గోడకు ఆనించిన ప్లాస్టిక్ కుర్చీలు, ఎదురుగా ఆగిపోయిన గడియారం. ఆమె చాలాసేపు చేతులు ఒళ్ళో పెట్టుకుని కూర్చుంది.

"ఈ చేతులతోనే కదండీ రుద్దాను. హాయిగా ఉందత్తయ్యా అనేది."

"నువ్వు రుద్దావు. నేను విప్పాను. అది ఆదివారం చూద్దామంది."

"ముగ్గురం కలిసి బాగానే పని చేశాం."

ఆయనకు నవ్వు రాబోయి ఆగింది. ఆమె కొంగుతో మొహం తుడుచుకుని, ఆయన చొక్కా మీద అంటుకున్న నీలం దారం ముక్క తీసి పారేసింది. నిన్నటిది. ఒళ్ళు దులుపుకోవడం కూడా మరిచిపోయాడు.

మధ్యాహ్నం దాటాక డాక్టరమ్మ బయటికొచ్చింది. టోపీ ఇంకా తీయలేదు. "గడ్డ చాలావరకు వచ్చేసింది. గొట్టం నిలబడింది. రక్తం పారుతోంది," అంది. మాస్టారికి చేతులెత్తి దండం పెట్టాలనిపించింది గానీ చేతులు లేవలేదు. తల ఊపాడు. ఆమె కూడా తల ఊపింది. పని చేసినవాళ్ళ మధ్య అంతకంటే మాటలు అక్కర్లేదు.

ఇంటికొచ్చాక నెలన్నర గడిచింది. రక్తం పలుచబరిచే మాత్రలు ఇంకా చాలా నెలలు వేసుకోవాలి. చిన్న గాయమైనా రక్తం తొందరగా ఆగదు కాబట్టి, మాస్టారు దుకాణంలో గుండుసూదులన్నీ ఒక డబ్బాలో వేసి మూత బిగించాడు. రాత్రిళ్ళు నూనె గిన్నె ఇక వెనక గదిలోంచి రాలేదు. పొద్దున్నే బిగుతు మేజోడు తొడగడం మాత్రం అత్తయ్య పనే. దాన్ని పిక్క మీదికి లాగడానికి ఇద్దరికీ ఆయాసం వచ్చేది. "ఇంత బిగుతుది కుట్టినవాడు మీకంటే మొండివాడై ఉంటాడు," అని భర్త మీద విసిరేది. మేనకోడలు నవ్వేది గానీ, నాలుగు అడుగులకే అలిసిపోయి కూర్చునేది. కాసేపటికి తనే గుర్తొచ్చి లేచేది. ఎక్కువసేపు కూర్చోకూడదు. సూపర్‌వైజరుకి డాక్టరమ్మ కాగితం రాసిచ్చింది, గంటకోసారి లేచి అయిదు నిమిషాలు నడవాలని. ఆయన దాన్ని రెండుసార్లు చదివి, నలుగురమే ఉన్నామని మళ్ళీ చెప్పి, చివరికి సంతకం పెట్టాడట.

సోమవారం నుంచి డ్యూటీ. పాత ప్యాంటు ఇక పనికిరాదు. శుక్రవారం మాస్టారు కొత్త నీలం గుడ్డ బల్ల మీద వేశాడు.

"రా. కొలవాలి."

మేజోడు తొడుక్కునే వచ్చి నిలబడింది. ఈసారి రెండు కాళ్ళ మీదా బరువు వేసింది. మాస్టారు మోకాళ్ళ మీద కూర్చుని కుడి పిక్క కొలిచాడు. టేపు ఎడమ పిక్కకు మార్చేలోపే ఆమె అంది, "ఎంతొచ్చిందో పైకి చెప్పు."

"కుడి పదమూడున్నర."

"ఎడమ?"

"పధ్నాలుగు. మేజోడుతో."

"అర అంగుళం తేడా."

"అర అంగుళమే. అది ఉండిపోవచ్చని డాక్టరమ్మ చెప్పింది."

తొడలు, మోకాళ్ళు, చీలమండలు కూడా కొలిచాడు. ప్రతి అంకె పైకి చెప్పాడు. ఆమె విని, తనూ ఒక కాగితం మీద రాసుకుంది. ఆ మేనమామా మేనకోడళ్ళ మధ్య ఆసుపత్రిలో ఆగిపోయిన మాట మళ్ళీ రాలేదు. అంకెలే వచ్చాయి.

గుడ్డను మడవకుండా ఒంటి పొరగా పరిచాడు మాస్టారు. సుద్ద బిళ్ళతో కుడి కాలు గీసి కత్తిరించాడు. మళ్ళీ గుడ్డ జరిపి, ఎడమ కాలు విడిగా గీసి కత్తిరించాడు. అలవాటు లేని పని కాబట్టి రెట్టింపు సేపు పట్టింది. చేతులు పదేపదే మడత కోసం వెతుక్కున్నాయి. సూదులు పెట్టలేదు, అన్నీ పెద్ద పెద్ద దారపు కుట్లతో కూర్చాడు. కుడి కాలు, నడుము మెషీను మీద పూర్తయ్యాయి. ఎడమ కాలి లోపలి కుట్టు కూడా అయ్యాక, కత్తెర తీసుకుని, కుట్టు లోపల వదిలిన ముప్పావు అంగుళం గుడ్డను పై నుంచి కింది దాకా కత్తిరించేశాడు. సన్నటి నీలం పట్టీ పాములా జారి నేల మీద పడింది.

అరుగు మీంచి చూస్తున్న ఇస్త్రీ ఆయన పెట్టె కింద పెట్టేశాడు. "అదేంటి మాస్టారూ? లోపలి గుడ్డ కోసేశారేంటి? ఇక వదులు చెయ్యాలంటే ఎలా?"

"చెయ్యలేను."

"అదే అంటున్నా. కొత్తగా పని నేర్చుకున్నవాళ్ళు చేసే పని కదా ఇది."

"కొత్తగా నేర్చుకున్నదే," అన్నాడు మాస్టారు. అంచు పోగులు విడిపోకుండా దగ్గర దగ్గరగా చేతి కుట్టు వేస్తున్నాడు, తల ఎత్తలేదు. "ఇస్త్రీ నువ్వు చేస్తావా, నేను చేసుకోనా?"

"నేనే చేస్తాను. నీళ్ళు చల్లొచ్చా, లేకపోతే ముడుచుకుందని మళ్ళీ నా మీద పడతారా?"

"చల్లు."

ఇస్త్రీ అయి వచ్చిన ప్యాంటును బల్ల మీద పరిచి, కాలి మీద కాలు మడిచి చూశాడు. ఎడమది కాస్త వెడల్పు, కాస్తే. చూసేవాళ్ళకు తెలియదు. తొడుక్కునే మనిషికి తెలుసు.

ఆమె తెర వెనక నుంచి వచ్చి రెండడుగులు నడిచింది, స్టూలు మీద కూర్చుంది, లేచింది. ఎక్కడా లాగలేదు. తర్వాత విప్పి తెచ్చి, ఎడమ కాలు తిరగేసి, లోపలి కుట్టు మీద వేలు నడిపింది. బట్టల మధ్య పెరిగిన పిల్ల కాబట్టి వేలికే తెలిసింది.

"లోపల గుడ్డ లేదు."

"లేదు. మళ్ళీ బిగిస్తే నేను చేసేదేమీ లేదు. ఆ రోజే డాక్టరమ్మ దగ్గరికి వెళ్ళాలి. ఆదివారం దాకా ఆగకూడదు."

"నీ దగ్గరికి రావద్దంటావు."

"ముందు నాకు చెప్పు. కొట్టు మూసి వస్తాను."

ఆమె ఆ కుట్టు వైపు ఇంకాసేపు చూసి తల ఊపింది. మాస్టారు ప్యాంటు తీసుకుని, తిరగేసిన కాలు సరిచేసి, మడతలు కలిపి, అరచేత్తో ఒకసారి నొక్కాడు. రెండు చేతులతో తీసి ఆమె చేతుల్లో పెట్టాడు.